మోతాదు లెక్క ఎక్కడ తప్పుతుంది?

పది కిలోల బరువున్న బిడ్డకు జ్వరం వచ్చింది. పారాసిటమాల్ కిలోకు 15 మిల్లీగ్రాముల చొప్పున ఒకసారికి 150 మిల్లీగ్రాములు ఇవ్వాలి. ఇంతవరకు లెక్క అందరికీ వచ్చేదే. చిక్కు ఆ తర్వాత మొదలవుతుంది. 150 మిల్లీగ్రాములంటే ఎన్ని మిల్లీలీటర్లు? మన మందుల దుకాణాల్లో పిల్లల పారాసిటమాల్ కనీసం మూడు గాఢతల్లో దొరుకుతుంది. డ్రాప్స్‌లో ఒక్క మిల్లీలీటరులోనే 100 మి.గ్రా. మందు ఉంటుంది. మామూలు సిరప్‌లో 5 మి.లీ.కి 125 మి.గ్రా., గాఢత ఎక్కువ ఉన్న సిరప్‌లో 5 మి.లీ.కి 250 మి.గ్రా. ఉంటాయి. అదే బిడ్డకు అదే 150 మి.గ్రా. అందాలంటే డ్రాప్స్ 1.5 మి.లీ., మొదటి సిరప్ 6 మి.లీ., రెండో సిరప్ 3 మి.లీ. పట్టాలి.

సిరప్‌కు అలవాటుపడి 'ఐదు మిల్లీలీటర్లు' అని గుర్తుపెట్టుకున్న తల్లి చేతికి ఈసారి డ్రాప్స్ సీసా వచ్చిందనుకుందాం. ఐదు మిల్లీలీటర్లంటే 500 మి.గ్రా., ఇవ్వవలసినదానికి మూడు రెట్ల పైమాట. రోజుకు నాలుగుసార్లు అలాగే పడితే బిడ్డ ఒంట్లోకి వెళ్లేది 2,000 మి.గ్రా., అంటే కిలోకు 200. కాలేయాన్ని దెబ్బతీయగల మొత్తం అది. ఇక్కడ గుణకారం తప్పలేదు, భాగహారం తప్పలేదు. సీసా మీద 'ఎన్ని మిల్లీగ్రాములు' అన్న అంకె పక్కనే ఉన్న 'ఎన్ని మిల్లీలీటర్లకు' అన్న మాటను చదవలేదు, అంతే.

నర్సింగ్ చదువులో మోతాదు లెక్కలకు ఒక పాఠం, మందుల గుణాలకు మరో పాఠం, వ్యాధి లక్షణాలకు ఇంకో పాఠం ఉంటాయి. పరీక్షల్లో మార్కులు కూడా విడివిడిగానే పడతాయి. రోగి మంచం దగ్గర ఈ మూడూ ఒకే క్షణంలో, ఒకే మనిషి చేతిలో కలుస్తాయి. వార్డులో జరిగే పొరపాట్లు చాలావరకు కూడికలు, గుణకారాలు రాక జరిగేవి కావు. లేబుల్‌కూ లెక్కకూ మధ్యనో, లెక్కకూ రోగికీ మధ్యనో ఎక్కడో లంకె తెగినప్పుడు జరుగుతాయి.

పైన చెప్పిన పారాసిటమాల్ ఉదాహరణలో రెండో లంకె మరీ ప్రమాదకరంగా తెగుతుంది. ఆ మందు మోతాదు మించినప్పుడు మొదట కనిపించేవి వికారం, వాంతులు, ఆకలి లేకపోవడం, మందకొడితనం. జ్వరం వచ్చిన ఏ బిడ్డలోనైనా ఉండే లక్షణాలే ఇవి. కాలేయం దెబ్బతిన్నట్టు స్పష్టంగా బయటపడేది రెండు మూడు రోజులకు. దీనికి ఎన్-ఎసిటైల్‌సిస్టీన్ అనే మంచి విరుగుడు ఉంది. మోతాదు మించిన తర్వాత ఎనిమిది గంటల లోపు మొదలుపెడితే బాగా పనిచేస్తుంది. అందుకే జ్వరంతో, వాంతులతో వచ్చిన బిడ్డ తల్లిని 'ఏ మందు పట్టారు?' అని మాత్రమే అడిగితే సరిపోదు. 'సీసా తెచ్చారా? ఎంత పట్టారు? ఎన్నిసార్లు పట్టారు?' అని కూడా అడగాలి. ఆ సీసాను చేతిలోకి తీసుకుని చూడటం కూడా రోగిని పరీక్షించడంలో భాగమే.

విదేశాల్లో ఉన్న తెలుగు కుటుంబాలకు ఈ విషయం ఇంకాస్త దగ్గరిది. శిశువుల డ్రాప్స్‌లో గాఢత ఒకలా, సిరప్‌లో ఇంకోలా ఉండటం వల్ల తప్పులు జరుగుతున్నాయని అమెరికాలో 2011లో తయారీదారులు గాఢమైన డ్రాప్స్‌ను ఆపేసి, పిల్లల పారాసిటమాల్ ద్రవాన్ని 5 మి.లీ.కి 160 మి.గ్రా. అనే ఒకే గాఢతకు మార్చడం మొదలుపెట్టారు. ఆ మందును అక్కడ ఎసిటమినోఫెన్ అంటారు. మనవణ్ని చూడటానికి వెళ్లే అమ్మమ్మ ఇక్కడి డ్రాప్స్ సీసాను సంచిలో పెట్టుకువెళ్తే, అక్కడి సీసాకు అలవాటైన 5 మి.లీ. కొలతను దానికి వాడకూడదు. అక్కడి ద్రవంలో 160 మి.గ్రా. వచ్చే చోట ఇక్కడి డ్రాప్స్‌లో 500 మి.గ్రా. వస్తాయి.

లెక్కకు సూత్రం ఒక్కటే: ఇవ్వవలసిన మోతాదును చేతిలో ఉన్న మోతాదుతో భాగించి, ఆ మోతాదు ఎంత ద్రవంలో ఉందో దానితో గుణించాలి. 150ని 125తో భాగించి 5తో గుణిస్తే 6 మి.లీ. జీఎన్‌ఎం (నర్సింగ్ డిప్లొమా) విద్యార్థినులందరికీ ఇది కంఠతా వస్తుంది. సూత్రంలోకి ఏ అంకెలు వేయాలో ఎంచుకోవడంలోనే నేర్పంతా ఉంది. లెక్క మొదలుపెట్టకముందే జవాబు సుమారుగా ఎంత రావాలో అంచనా వేసుకునే అలవాటు సూత్రం కంటే ఎక్కువ కాపాడుతుంది. పెద్దవాళ్లకు ఇచ్చే ఇంజెక్షన్ ఒక యాంపూల్ (మందుండే చిన్న గాజు బుడ్డి) అయితే, పసిబిడ్డకు లెక్కవేస్తే మూడు యాంపూల్స్ వచ్చాయంటే అక్కడే చేయి ఆగాలి. సాధారణంగా ఒక్క రోగికి ఒకసారికి ఎన్నో యాంపూల్స్ పగలగొట్టవలసి వస్తోందంటే లెక్కను మళ్లీ చూడాలి. ఈ నియమానికి మినహాయింపు ఒకటుంది, అది కిందే వస్తుంది.

దశాంశ బిందువు గురించి ఒక మాట. 0.5 అని రాయాలి, ముందు సున్నా వదిలేసి .5 అని రాయకూడదు. చుక్క కనబడకపోతే అది 5 అవుతుంది, అంటే పది రెట్లు. అలాగే 5 అని రాయవలసిన చోట 5.0 అని రాస్తే 50గా చదివే ప్రమాదం ఉంది. మందుల పేర్లను అర్థమయ్యేలా, వీలైతే పెద్ద అక్షరాల్లో రాయాలని భారత వైద్య మండలి 2016లో నిబంధన తెచ్చింది. అంకెలకు అంత శ్రద్ధ దక్కలేదు. నిజానికి పేరు తప్పుగా చదివితే ఫార్మసీలోనో, వార్డులోనో ఎవరో ఒకరు అనుమానించే అవకాశం ఉంటుంది. అంకె తప్పుగా చదివితే అది కూడా ఒక మోతాదులాగే కనిపిస్తుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు.

ఇన్సులిన్ విషయంలో లేబుల్‌తో పాటు సిరంజి కూడా లెక్కలోకి వస్తుంది. మన దగ్గర ఎక్కువగా వాడే ఇన్సులిన్ వయల్స్‌లో (రబ్బరు మూత సీసాల్లో) మిల్లీలీటరుకు 40 యూనిట్లు ఉంటాయి. పెన్నుల్లో వాడే కార్ట్రిడ్జ్‌లలో మిల్లీలీటరుకు 100 యూనిట్లు. మొదటిదానికి ఎర్ర మూత సిరంజి, రెండో గాఢతకు నారింజ రంగు మూత సిరంజి. 20 యూనిట్లు ఇవ్వాలనుకుని 40 గాఢత ఇన్సులిన్‌ను నారింజ మూత సిరంజిలో 20 గీత వరకు లాగితే రోగికి అందేది 8 యూనిట్లే. చక్కెర తగ్గదు, మర్నాడు డాక్టరు మోతాదు పెంచుతారు, ఆ తర్వాత ఎవరైనా సరైన సిరంజి వాడితే ఆ పెంచిన మోతాదు మొత్తం ఒక్కసారిగా ఒంట్లోకి వెళ్తుంది. రెండో తప్పు ఇంకా తీవ్రమైనది. పెన్ను పనిచేయలేదని కార్ట్రిడ్జ్‌లోంచి ఎర్ర మూత సిరంజితో 20 గీత వరకు లాగితే వెళ్లేది 50 యూనిట్లు. ఇళ్లలో ఇలా జరగడానికి అవకాశం ఎక్కువ కాబట్టి, డిశ్చార్జ్ చేసే రోజు రోగి ఇంట్లో ఏ ఇన్సులిన్ ఉందో, ఏ సిరంజి ఉందో అడిగి తెలుసుకోవడం నర్సు పనుల్లో అతి ముఖ్యమైనది. యూనిట్లు అన్న మాటను పొడి అక్షరంతో రాసే అలవాటు కూడా మానాలి. ఇంగ్లిషులో 4 పక్కన రాసిన 'యు' అక్షరం తొందరలో సున్నాలా కనిపించి 40 అయిపోతుంది.

ఇన్సులిన్ మోతాదు ఎక్కువైందని ముందుగా చెప్పేది రోగి శరీరమే. చెమటలు పడతాయి, చేతులు వణుకుతాయి, గుండె దడదడలాడుతుంది, ఆకలి వేస్తుంది, చిరాకు వస్తుంది, మాట తడబడుతుంది. రక్తంలో చక్కెర డెసిలీటరుకు 70 మి.గ్రా. కంటే తగ్గితే, స్పృహలో ఉండి మింగగలిగే రోగికి 15 గ్రాముల చక్కెర లేదా గ్లూకోజు ఇచ్చి, పావుగంటకు మళ్లీ పరీక్షించాలి. ఇక్కడ మందుల పాఠం, లక్షణాల పాఠం ఎందుకు విడిగా ఉండకూడదో తెలుస్తుంది. ఆ రోగి బీపీకో గుండెకో బీటా బ్లాకర్ (గుండె వేగాన్ని తగ్గించే మందు) మాత్రలు వేసుకుంటున్నట్లయితే దడ, వణుకు కనిపించకపోవచ్చు. చెమట మాత్రం పడుతుంది. రాత్రి డ్యూటీలో దుప్పటి కప్పుకుని పడుకున్న రోగి నుదురు తడిగా, చల్లగా తగిలితే 'ఉక్కగా ఉందేమో' అనుకుని వెళ్లిపోకుండా గ్లూకోమీటర్ తీసుకురావడానికి ఈ ఒక్క సంగతి తెలిసి ఉండటం చాలు.

సెలైన్ చుక్కల లెక్క కొంచెం వేరు. ఎక్కించవలసిన మిల్లీలీటర్లను, సెట్టు (సెలైన్ గొట్టం) మిల్లీలీటరుకు వదిలే చుక్కల సంఖ్యతో గుణించి, నిమిషాలతో భాగించాలి. చుక్కల సంఖ్య సెట్టు ప్యాకెట్ మీద అచ్చువేసి ఉంటుంది. మామూలు సెట్టులో తరచుగా మిల్లీలీటరుకు 20 చుక్కలు, మైక్రో సెట్టులో 60. అర లీటరును నాలుగు గంటల్లో ఎక్కించాలంటే 20 చుక్కల సెట్టుతో నిమిషానికి 42 చుక్కలు. మైక్రో సెట్టులో ఒక సౌలభ్యం ఉంది: గంటకు ఎన్ని మిల్లీలీటర్లో నిమిషానికి అన్నే చుక్కలు.

ఈ లెక్క ఎంత చురుగ్గా మారాలో డెంగీ నేర్పుతుంది. ఏటా వర్షాకాలంలో రెండు తెలుగు రాష్ట్రాల వార్డులనూ నింపే జబ్బు ఇది. ప్రమాదం జ్వరం తీవ్రంగా ఉన్నప్పుడు కంటే తగ్గే సమయంలో ఎక్కువ. సుమారుగా మూడో రోజు నుంచి ఏడో రోజు మధ్య రక్తనాళాల్లోంచి ద్రవం బయటికి కారుతుంది. తగ్గని కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్లలోంచి రక్తం, మగత, మూత్రం తగ్గడం ఆ దశకు హెచ్చరికలు. ఈ హెచ్చరికలున్న 50 కిలోల రోగికి గంటకు కిలోకు 5 మి.లీ. చొప్పున మొదలుపెట్టమని డాక్టరు రాస్తే గంటకు 250 మి.లీ., 20 చుక్కల సెట్టుతో నిమిషానికి 83 చుక్కలు. గంటో రెండు గంటలో గడిచి నాడి, బీపీ కుదుటపడ్డాక దాన్ని కిలోకు 3 మి.లీ.కి తగ్గిస్తే నిమిషానికి 50 చుక్కలు. కారడం ఒకటి రెండు రోజుల్లో ఆగిపోయి, బయటికి వెళ్లిన ద్రవం తిరిగి రక్తంలోకి వస్తుంది. అప్పుడు కూడా పాత వేగంతో సెలైన్ నడుస్తూ ఉంటే, నిన్న ప్రాణం నిలిపిన ఆ సెలైన్ ఈరోజు ఊపిరితిత్తుల్లో చేరుతుంది. దగ్గు, పడుకుంటే ఆయాసం, వాచిన కనురెప్పలు, ఉబ్బిన మెడ నరాలు కనిపిస్తే చుక్కలు లెక్కపెట్టడం మానేసి ముందు సెట్టు చక్రాన్ని తిప్పి వేగం తగ్గించి, వెంటనే డాక్టరును పిలవాలి. చార్టులో రాసిన వేగం ఆ వేళకు సరైనదే. ఆ తర్వాత రోగి మారాడని చెప్పగలిగేది పక్కన ఉన్న నర్సు మాత్రమే.

లక్షణం, మందు, లెక్క మూడూ విడదీయలేనంతగా కలిసిపోయిన మందును ఒక్కదాన్ని చెప్పమంటే మెగ్నీషియం సల్ఫేటునే చెప్పాలి. గర్భిణికి బీపీ 160/110 దాటి, విపరీతమైన తలనొప్పి, చూపు మసకబారడం, డొక్కల కింద పైకడుపులో నొప్పి ఉంటే ఫిట్స్ రావడానికి ముందస్తు సూచనలవి. ఆ పైకడుపు నొప్పిని గ్యాస్ అనుకుని యాంటాసిడ్ ఇచ్చి పంపడం ఇప్పటికీ వినబడే విషాదం. ఫిట్స్ వచ్చిన గర్భిణుల్లో డయాజెపామ్, ఫినిటోయిన్ కంటే మెగ్నీషియం సల్ఫేటు మేలని 1995లో వెలువడిన పెద్ద అంతర్జాతీయ పరిశోధన తేల్చింది. మన దేశపు ఆసుపత్రులు కూడా అందులో పాల్గొన్నాయి. బీపీ పెరిగి, మూత్రంలో ప్రొటీన్ పోతున్న గర్భిణులకు ముందుగానే ఇస్తే ఫిట్స్ ముప్పు సగానికి పైగా తగ్గుతుందని 2002లో మాగ్‌పై అధ్యయనం చూపింది. ఖరీదు తక్కువ, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో సైతం ఉండవలసిన మందు.

దీని లెక్కలో మెలిక శాతంలో ఉంది. సాధారణంగా దొరికే యాంపూల్ 2 మి.లీ., గాఢత 50 శాతం. అంటే 100 మి.లీ.లో 50 గ్రాములు, ఒక మిల్లీలీటరులో అర గ్రాము, ఒక యాంపూల్‌లో 1 గ్రాము. మొదటి మోతాదులో నరంలోకి 4 గ్రాములు వెళ్లాలి. దాన్ని 50 శాతం గాఢతలోనే నరంలోకి ఎక్కించకూడదు, 20 శాతానికి పలుచన చేయాలి. నాలుగు యాంపూల్స్ అంటే 8 మి.లీ., దానికి 12 మి.లీ. డిస్టిల్డ్ వాటర్ గానీ సెలైన్ గానీ కలిపితే 20 మి.లీ. అవుతుంది. ఇరవై మిల్లీలీటర్లలో 4 గ్రాములంటే సరిగ్గా 20 శాతం. కనీసం ఐదు నిమిషాల పాటు నెమ్మదిగా ఎక్కించాలి. తర్వాత రెండు పిరుదుల్లో చెరి 5 గ్రాములు లోతుగా కండరంలోకి ఇవ్వాలి. ఇక్కడ పలుచన చేయనక్కరలేదు, ఒక్కో వైపు 10 మి.లీ., ఐదు యాంపూల్స్. మొత్తం 14 యాంపూల్స్! ఇంతకుముందు చెప్పిన మినహాయింపు ఇదే. అన్ని యాంపూల్స్ పగలగొట్టవలసి రావడం చూసి కొత్త నర్సు భయపడి సగం ఇచ్చి ఆపితే ఫిట్స్ ఆగవు. పెద్దాసుపత్రికి పంపేముందు ఏఎన్‌ఎం (ఊళ్లో పనిచేసే ఆరోగ్య కార్యకర్త) ఇవ్వగలిగేది కండరంలోకి ఇచ్చే ఆ 10 గ్రాములే. దారిలో ఫిట్స్ రాకుండా ఆపేది కూడా అదే.

ఆపైన నాలుగు గంటలకోసారి 5 గ్రాములు, పిరుదులు మార్చి మార్చి. ప్రతి మోతాదుకూ ముందు మూడు చూడాలి. మోకాలి మీద తడితే కాలు ఎగిరిపడుతోందా? శ్వాస నిమిషానికి 16కు తగ్గకుండా ఉందా? గడచిన నాలుగు గంటల్లో మూత్రం కనీసం 100 నుంచి 120 మి.లీ. వచ్చిందా? ఈ మూడింటి వెనుక ఉన్న కారణం తెలిస్తే వీటిని మరచిపోవడం కష్టం. మెగ్నీషియం బయటికి పోయే దారి మూత్రపిండాలే. మూత్రం తగ్గితే ఒంట్లో పేరుకుపోతుంది. పేరుకుపోతున్నప్పుడు ముందు మోకాలి స్పందన పోతుంది, తర్వాత శ్వాస మందగిస్తుంది, ఆ తర్వాత గుండె ఆగుతుంది. అంటే మోకాలి మీద తట్టే ఆ చిన్న పని శ్వాస ఆగకముందే మనకు దొరికే హెచ్చరిక. స్పందన లేకపోతే తర్వాతి మోతాదు ఆపి డాక్టరును పిలవాలి. శ్వాస మందగిస్తే విరుగుడు 10 శాతం కాల్షియం గ్లూకోనేట్ 10 మి.లీ., అంటే 1 గ్రాము, నరంలోకి నెమ్మదిగా. ఆ యాంపూల్ స్టోరు గదిలో కాకుండా మంచం పక్క ట్రేలోనే ఉండాలి.

కొన్ని మందులకు మోతాదు కంటే ఇచ్చే దారి ముఖ్యం. పొటాషియం క్లోరైడ్ 10 మి.లీ. యాంపూల్‌లో 15 శాతం గాఢతతో 20 మిల్లీ ఈక్వివలెంట్లు (లవణాలను కొలిచే ప్రమాణం) ఉంటాయి. సెలైన్‌లో కలిపి గంటల తరబడి ఎక్కిస్తే అది వైద్యం. అదే యాంపూల్‌ను సిరంజితో నేరుగా నరంలోకి నెడితే గుండె ఆగిపోతుంది. డిస్టిల్డ్ వాటర్ యాంపూల్స్ పక్కనే దీన్ని పెట్టకపోవడం, వీలైతే వార్డులో విడిగా తాళం వేసి ఉంచడం ఎంత చదువుకైనా సమానమైన రక్షణ. డిగాక్సిన్ అనే గుండె మందుకు ముందు నాడిని పూర్తి నిమిషం పాటు లెక్కపెట్టడం, పెద్దవాళ్లలో 60 కంటే తక్కువుంటే మాత్ర ఆపి అడగడం కూడా ఈ కోవలోనిదే.

సరైన రోగి, సరైన మందు, సరైన మోతాదు, సరైన దారి, సరైన సమయం. ఈ ఐదూ ప్రతి నర్సింగ్ పాఠశాల గోడ మీదా కనిపిస్తాయి. అవి చేరవలసిన గమ్యాలే గాని, అక్కడికి ఎలా చేరాలో ఆ జాబితా చెప్పదు. ఒకే నర్సు ముప్ఫై నలభై మంచాలు చూసుకుంటూ, మందులు కలుపుతున్నప్పుడే ఫోను ఎత్తి, బంధువులకు జవాబు చెప్పి, కొత్త అడ్మిషన్ రాసుకోవలసి వస్తే తప్పు జరగడానికి ఆమె అజ్ఞానం అక్కరలేదు. తప్పు జరిగాక మెమో ఇచ్చి ఊరుకునే ఆసుపత్రిలో తర్వాతి తప్పు బయటికే రాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో మందుల వల్ల జరిగే హానిని తగ్గించడాన్ని ప్రత్యేక లక్ష్యంగా ప్రకటించింది. ఆ లక్ష్యం మన వార్డులకు చేరాలంటే ముందు కావలసింది మందులు కలిపే పది నిమిషాలూ ఆ నర్సును ఎవరూ పిలవని ఏర్పాటు.

రెండో మనిషి సరిచూడటం గురించి కూడా ఒక స్పష్టత అవసరం. 'అక్కా, ఆరు మిల్లీలీటర్లే కదా?' అని అడిగితే 'అవును' అనే సమాధానమే వస్తుంది. కేస్ షీట్, యాంపూల్ రెండూ ఇచ్చి, జవాబు చెప్పకుండా వేరుగా లెక్క వేయమంటేనే అది సరిచూడటం. ఇన్సులిన్, హెపారిన్ (రక్తం గడ్డకట్టకుండా ఆపే మందు), పొటాషియం, మెగ్నీషియం, పసిబిడ్డల ఇంజెక్షన్లు, వీటికైనా ఇది తప్పనిసరి చేయవచ్చు. హెపారిన్ 5 మి.లీ. వయల్ ఒకటి మొత్తం 5,000 యూనిట్లది, అలాంటిదే మరొకటి 25,000 యూనిట్లది. ఫోనులో డాక్టరు చెప్పిన ఆర్డరును రాసుకుని, మందు పేరు, అంకె, దారి తిరిగి చదివి వినిపించాకే యాంపూల్ తీయాలి. డ్యూటీ మారేటప్పుడు 'మెగ్నీషియం నడుస్తోంది' అన్న ఒక్క మాటతో సరిపెట్టకూడదు. చివరి మోతాదు ఏ పిరుదుకు, ఎన్ని గంటలకు ఇచ్చారు, మోకాలి స్పందన ఎలా ఉంది, సంచిలో మూత్రం ఎంత ఉంది, తర్వాతిది ఎప్పుడు ఇవ్వాలి అనేవన్నీ వచ్చే నర్సుకు ఆ మంచం దగ్గరే నిలబడి చెప్పాలి.